రంగు కింద టేకు

మండువా లోగిలిలో కలప ఎంత ఉందో ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళు కూడా చెప్పలేరు. సింహద్వారం, ద్వారబంధం, గడప, మండువా చుట్టూ స్తంభాలు, వాటి మీద దూలాలు, వాసాలు, బెంగుళూరు పెంకు కింద పలకల సీలింగు, గోడల్లో ఇమిడిపోయిన అలమరలు, కిటికీ రెక్కలు, అటక మీదికి మెట్లు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వందేళ్ళ కిందట కలిగినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళలో ఇదంతా చాలావరకు టేకే. తెలంగాణ గడీలలోనూ టేకుదే పెద్దపీట. రాయలసీమ చవుడు మిద్దెలకు మాత్రం దూలాలు, దంతెలు దగ్గర్లో దొరికిన గట్టి కర్రతోనే వేసుకున్నారు.

ఈ కలపలో ఎక్కువ భాగం ఇవాళ కంటికి కనిపించదు. కిటికీలకు ఆకుపచ్చ, తలుపులకు చాక్లెట్ రంగు, స్తంభాలకు నీలం, గడపకు పసుపు ఎనామిల్. పండక్కో పెళ్ళికో ఒక్కో పూత పైన పడుతూ వచ్చింది. వంటింటి వైపు వెళితే రంగు కూడా కనిపించదు, పొగ తప్ప. ఇల్లు బాగు చేయించాలని అనుకోగానే నలుగురూ చెప్పే సలహా ఒక్కటే: మొత్తం మిషన్‌తో గీకించి కొత్త పాలిష్ కొట్టించండి. పాత కలపకు జరిగే నష్టంలో పెద్ద వాటా ఈ సలహాదే. చాలా ఇళ్ళలో కలపకు కావలసింది శుభ్రం చేయడం, అక్కడక్కడా మరమ్మతు, ఉన్న పాలిష్‌కు కొంచెం ప్రాణం పోయడం. పూర్తిగా గీకడం అన్నిటికన్నా ఆఖర్న ఆలోచించాల్సిన పని. ఒకసారి గీకేసిన పైపొర మళ్ళీ రాదు. దశాబ్దాల వెలుతురుకు, చేతి స్పర్శకు వచ్చిన ముదురు రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.

కర్ర సంగతి

టేకుకు మన్నికైన కర్రగా పేరు ఊరికే రాలేదు. దాని చేవలో సహజమైన నూనెలు, చెదపురుగుకు గిట్టని రసాయనాలు ఉంటాయి. వాటి పుణ్యమాని వానకు తడిసి ఎండకు ఎండినా అది త్వరగా చివకదు. అయితే ఈ గుణమంతా చేవదే. మాను అంచున ఉండే తెల్ల కర్రకు ఆ రక్షణ లేదు. పాత ఇంట్లో ఒక స్తంభం రాయిలా ఉండి దాని పక్క వాసం పిండైపోయిందంటే, ఆ వాసంలో తెల్ల కర్ర కలిసిందని అర్థం.

డెల్టా ఇళ్ళకు టేకు రెండు దారుల్లో వచ్చింది. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. రెండోది సముద్రం దారి. రంగూన్‌కూ తూర్పు తీర రేవులకూ మధ్య ఓడలు తిరిగిన కాలంలో బర్మా టేకు ఇటు వచ్చేది, కూలికీ వ్యాపారానికీ తెలుగువాళ్ళు అటు వెళ్ళేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అని పిలిచారు. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకోవడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. అంతకు ముందు కట్టిన ఇళ్ళలో కనిపించే వెడల్పాటి పలకలు, అతుకు లేని పొడవాటి దూలాలు ముదురు మానులవి. అంత మాను ఇప్పుడు కలప అడితీల్లో దొరకడం కష్టం. కూల్చిన ఇళ్ళ తలుపులకూ స్తంభాలకూ పాత కలప దుకాణాల్లో గిరాకీ అందుకే.

పలక తలుపుల నిర్మాణం తెలియకుండా వాటి మీద చెయ్యి వేయకూడదు. కర్ర పొడవునా దాదాపు కదలదు, వెడల్పున మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. తక్కువగా కదిలే టేకులోనూ అడుగు వెడల్పు పలక వానాకాలానికీ వేసవికీ మధ్య రెండు మిల్లీమీటర్ల వరకు తేడా చూపిస్తుంది. అందుకే పాత వడ్రంగులు చట్రానికి గాడి తీసి, పలకను అందులో బిగించకుండా వదులుగా కూర్చోబెట్టారు. చట్రం కీళ్ళకు చెక్క చీలలు దిగ్గొట్టారు కానీ పలకకు మేకు వేయలేదు, జిగురు పూయలేదు. తర్వాతి తరాలు వేసిన రంగు ఆ గాడిలోకి కారి గట్టిపడి పలకను పట్టేసింది. ఇక కదలడానికి చోటు లేక పలక నడిమికి చీలింది. చీలికను చూసి కర్ర పాడైందనుకుంటారు. తప్పు రంగుది. గాడి వెంట గట్టిపడిన రంగును సన్నటి కత్తి మొనతో కోసి తీస్తే పలక మళ్ళీ కదులుతుంది. ఆ చీలికలో గట్టి లప్పం కూరడం ఇంకో పొరపాటు. వానాకాలంలో పలక ఉబ్బినప్పుడు అదే లప్పం మేకులా పనిచేసి చీలికను పెంచుతుంది. అదే కర్రలోంచి తీసిన సన్నటి బద్దను చీలికలో ఒకవైపు మాత్రమే అంటించి నిలపడం వడ్రంగులకు తెలిసిన పద్ధతి.

శుభ్రానికి ముందు

మరక కన్నా ముందు మరక ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. సీలింగు పలకల మీద నల్లటి అంచుతో పటాల్లా కనిపించే మచ్చలు పెంకు కారిన గుర్తులు. పెంకు సర్దకుండా పలక తుడిస్తే వచ్చే వానకు మచ్చ మళ్ళీ పడుతుంది. దూలం గోడలోకి దిగే చోటు ఇంకా ముఖ్యం. గోడలో తేమ ఉంటే దూలం చివర బయటికి కనిపించకుండా లోపలే చివుకుతుంది. చిన్న కొడతితో దూలం పొడవునా తడుతూ వెళితే తెలుస్తుంది. గట్టి కర్ర గణగణమంటుంది, లోపల డొల్లబడ్డది డబడబమంటుంది. అనుమానం ఉన్న చోట సన్నటి దబ్బనంతో గుచ్చి చూడాలి. మోత కలప విషయంలో అనుమానం బలపడితే పాలిష్ మేస్త్రిని పక్కన పెట్టి ముందు ఇంజనీరును పిలవాల్సిందే.

కర్ర కింద పిండిలాంటి సన్నటి పొడి రాలుతుంటే పుప్పి పట్టిందని తెలుసుకోవాలి. పైన గుండుసూది తల అంత కన్నాలు కనిపిస్తాయి. కన్నాలు ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు, అవి యాభై ఏళ్ళ కిందటివీ కావచ్చు. కింద ఒక నల్ల కాగితం పరిచి వారం పాటు వదిలేస్తే తేలిపోతుంది. కాగితం మీద కొత్త పొడి పడితే పురుగు బతికే ఉంది. చెద అయితే మట్టి గొట్టాలు గోడ వెంట పాకి కనిపిస్తాయి. ఏదైనా సరే, మందు పని పూర్తయ్యాకే మెరుగు పని.

పాత పూత ఏమిటో కనిపెట్టడం

పని మొత్తానికి ఇది కీలకం, పెట్టుబడి మాత్రం నాలుగు దూది ఉండలు. తలుపు వెనక కింది మూలో, అలమర లోపలి వైపో, ఎవరికీ కనబడని చోటు ఒకటి ఎంచుకోవాలి. మొదట ఒక నీటిచుక్క వేయాలి. చుక్క కర్రలోకి ఇంకిపోతే పైన పూత ఏమీ లేదు, లేదా ఎప్పుడో రుద్దిన నూనె అరిగిపోయింది. చుక్క నిలిచి ఉంటే పూత ఉంది. గోటితో గీరితే మైనం చుట్టుకుని వస్తే పైన మైనం ఉంది. దాన్ని టర్పెంటైన్‌తో తుడిచి కింద ఏముందో చూడాలి.

తర్వాత స్పిరిట్. దూదిని స్పిరిట్‌లో ముంచి పూత మీద అర నిమిషం ఆనించి తీస్తే, పూత మెత్తబడి వేలికి జిగురుగా అంటుకుంటే అది లక్క పాలిష్. పాలిష్ పనివాళ్ళు చపడా అనేది దీన్నే. స్పిరిట్‌కు లొంగకుండా థిన్నర్‌కు కరిగితే నైట్రో సెల్యులోజ్ లాకర్. రెండింటికీ చలించకపోతే పాత నూనె వార్నిష్, లేదా ఇటీవలి మెలమైన్, పాలియూరిథేన్ పూతల్లో ఏదో ఒకటి. వందేళ్ళ ఇళ్ళలో అన్నిటికన్నా అడుగున తరచు తేలేది లక్క పాలిషే. అలా తేలడం ఇంటివాళ్ళ అదృష్టం. ఎన్నేళ్ళయినా స్పిరిట్‌కు కరిగే గుణం లక్కకు పోదు, అందుకే దాన్ని గీకకుండానే బాగుచేసుకోవచ్చు.

తుడుపు

మొదటి పని పొడిగా జరగాలి. మెత్తటి పెయింట్ బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపాలి. దుమ్ము ఉండగా తడి గుడ్డ పెడితే అది బురదై చెక్కడాల్లోకి దిగుతుంది. చెక్కిన లతల సందుల్లో, ఇత్తడి బుడిపెల చుట్టూ పేరుకున్న మట్టికి వెదురు పుల్ల, పాత టూత్‌బ్రష్షు చాలు. ఇనప బ్రష్షు, స్టీల్ ఊలు మాత్రం టేకు దగ్గరికి రానీయకూడదు. వాటి నుంచి విరిగిన కంటికి కనిపించని ముక్కలు కర్రలో ఇరుక్కుంటాయి. తేమ తగలగానే అవి తుప్పు పట్టి, కర్రలోని వగరు పదార్థంతో కలిసి నల్లటి చుక్కలుగా తేలతాయి. కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుము, బెల్లం ఊరిన ద్రవంతో కలంకారీ కళాకారులు నల్ల గీత రాబట్టేది ఇదే రసాయనంతో. బట్ట మీద అది అందం, తలుపు మీద అదే మరక.

మట్టి పోయాక మడ్డి. ముట్టుకునే చోట పేరుకున్న చెమట జిడ్డు, దీపపు గూటి పైన మసి, వంటింటి వాసాలకు పట్టిన పొగ, నూనె ఆవిరి కలిసిన నల్లటి పొర వేరువేరు సరుకులు. మామూలు జిడ్డుకు కుంకుడు రసం వడగట్టి, అందులో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవడం మంచిది. వెంటనే మంచినీటి గుడ్డతో, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడిచేయాలి. కర్ర మీద నీరు నిలవకూడదు. బట్టల సబ్బు, చాకలి సోడా, కాస్టిక్ సోడా వద్దు. క్షారం తగిలితే టేకు నల్లబడుతుంది, లక్క పాలిష్ కరిగిపోతుంది. పొగ మడ్డి నీటికి కదలదు. దానికి టర్పెంటైన్ కావాలి. అడుగు మేర తడిపి, రెండు నిమిషాలాగి తుడిస్తే గుడ్డ తారులా నల్లబడుతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా గుడ్డలు మార్చుకుంటూ వెళ్ళాలి, ఒకే గుడ్డతో మడ్డిని అటూ ఇటూ పూయకూడదు. నీటిని పిచికారీ చేసే మోటారు పంపులు బయటి గేటుకు సరే, పాత తలుపుకు పనికిరావు.

గడప కథ వేరు. ఏళ్ళ తరబడి రాసిన పసుపు, కుంకుమ, నూనె కలిసి అక్కడ ఒక పొర కడతాయి. దీన్ని సబ్బు నీళ్ళతో కడగబోతే పసుపు మరక ఎర్రగా మారుతుంది. కంగారు పడాల్సిన పని లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది కూడా ఈ కారణంతోనే, పసుపులోని రంగు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. కాస్త నిమ్మరసం తగిలిస్తే మళ్ళీ పసుప్పచ్చ అవుతుంది. ఆ రంగు నీటిలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ దూదితో అద్దుతూ తీయవచ్చు కానీ, గడపకు లక్క పాలిష్ ఉంటే అది కూడా వెంట వచ్చేస్తుంది. పసుపు రంగుకు మరో బలహీనత ఎండ. వీధి గుమ్మం గడప మీద రోజూ ఎండ పడితే మిగిలిన మరక దానంతటదే వెలిసిపోతుంది.

మేకుల చుట్టూ పడిన నల్ల మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. లీటరు గోరువెచ్చటి నీటిలో 50 గ్రాముల దాకా కలిపి, పూత లేని కర్ర మీద మాత్రమే, ప్లాస్టిక్ గిన్నెతో, నైలాన్ బ్రష్షుతో పూయాలి. మరక పలచబడ్డాక రెండు మూడుసార్లు నీటి గుడ్డతో తుడవాలి. అది విషం. చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి, పిల్లలకు అందకూడదు, ఆరిన చోట ఉప్పు కాగితంతో రుద్ది ఆ పొడి పీల్చకూడదు. గోడకు వెల్ల వేసినప్పుడు కర్ర మీద పడిన సున్నపు చుక్కలకు వెనిగర్ కలిపిన నీరు సరిపోతుంది. లక్క పాలిష్ లేని చోట బూజుకు స్పిరిట్ గుడ్డ, ఆ తర్వాత గాలి, వెలుతురు.

ఇత్తడి బుడిపెలను, గొళ్ళేలను తలుపు మీదే ఉంచి చింతపండుతో తోమడం మన అలవాటు. ఆ పులుపు నీరు కర్రలోకి కారి ఒక్కో బుడిపె కింద ఒక కారిక గీత మిగులుస్తుంది. వీలైతే వాటిని ఊడదీసి తోమాలి. ఊడకపోతే చుట్టూ కాగితపు టేపు అంటించి తోమాలి.

తుడుపు అయ్యాక రెండు రోజులు ఆరనిచ్చి పగటి వెలుతురులో చూస్తే, సగం ఇళ్ళలో పని ఇక్కడే అయిపోతుంది. మిగిలేది ఒక చేయి మైనం.

రంగు తీయాల్సి వస్తే

ఎనామిల్ పూతలు పెచ్చులు లేచినా, చెక్కడం పూడిపోయినా రంగు తీయక తప్పదు. ఇక్కడ మొదటి మాట కర్ర గురించి కాదు, మనుషుల గురించి. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించకుండా కట్టడి చేసే నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎనామిళ్ళలో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఉందనుకునే పని మొదలుపెట్టాలి. పొడిగా మిషన్ పెట్టి రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, గర్భిణులకూ ప్రమాదమే. పని జరిగే రోజుల్లో వాళ్ళను ఆ ఇంట్లో ఉంచకూడదు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. కనీసం ఎన్-95 తరగతి మాస్కు కావాలి. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరవాలి, కర్రను తడుపుతూ గీరాలి, పెచ్చుల్ని చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో ఎత్తి సంచిలో మూట కట్టాలి. ఆ పెచ్చుల్ని పెరట్లో పోయడం, తగలబెట్టడం రెండూ ప్రమాదమే. పశువులున్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

రంగు తీసే పద్ధతుల్లో వేడిగాలి తుపాకి, అంటే హీట్ గన్, నెమ్మదిగా వాడితే మంచిది. రంగు బుడగలెత్తగానే వెడల్పాటి మొండి బ్లేడుతో కర్ర పొడవునా తోయాలి. 590 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి సీసం పొగగా లేస్తుంది, కాబట్టి వేడి తక్కువలోనే ఉంచాలి. బ్లో లాంప్ మంటతో కాల్చడం మాత్రం పూర్తిగా మానాలి. దాని మంట అంతకన్నా చాలా వేడి, పైగా పాత ఇంటి పెంకు కింద ఎండిన దుమ్ము, సాలెగూళ్ళు నిప్పు కోసం ఎదురుచూస్తుంటాయి. ఎనామిల్ కింద లక్క పాలిష్ ఉంటే పని సులువవుతుంది. వేడికి ముందు లక్క మెత్తబడి, పైనున్న మూడు నాలుగు పూతలూ పట్టీలా ఊడి వస్తాయి. అప్పుడు కర్ర గీత కూడా పడకుండా బయటపడుతుంది.

దుకాణాల్లో దొరికే పెయింట్ రిమూవర్లలో చాలావాటిలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. అది శరీరంలోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తలుపులు మూసిన గదుల్లో దానితో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. 2019లో అమెరికా ఇళ్ళలో వాడకానికి దాని అమ్మకాన్ని నిషేధించింది. వాడక తప్పకపోతే తలుపు ఊడదీసి ఆరుబయట వాడాలి. కొన్ని పనిశాలల్లో తలుపుల్ని కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి తీస్తారు. రంగు ఒక్క పూటలో పోతుంది, నిజమే. దానితోపాటు కర్ర నల్లబడుతుంది, నారలు లేస్తాయి, అతుకులు వదులవుతాయి, సరిగా కడగకపోతే మిగిలిన క్షారం కొత్త పాలిష్‌ను ఆరు నెలల్లో తినేస్తుంది. నూరేళ్ళ టేకు తలుపును ఆ తొట్టిలో ముంచడం కన్నా రంగు మీద ఇంకో రంగు వేసుకోవడమే నయం.

మిగిలిన రంగుకు వడ్రంగులు వాడే గాజు పెంకు ఇప్పటికీ మంచి పనిముట్టే. పగిలిన గాజు అంచును కర్ర మీద ఏటవాలుగా లాగితే ఉల్లిపొరలాంటి తరక లేస్తుంది, దుమ్ము రేగదు. చిత్రిక పట్టడం మాత్రం వద్దు. పాత పలకల మీద బాడిస గుర్తులు, చేతి చిత్రిక తరగలు వేలితో తడిమితే తెలుస్తాయి. వాటిని నున్నగా తోసేస్తే కొత్త దుకాణపు తలుపుకూ దీనికీ తేడా పోతుంది. ఉప్పు కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 180, 220 దాకా వెళితే చాలు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఎప్పుడూ నార వెంటే రుద్దాలి. అడ్డంగా ఒక్కసారి రుద్దినా ఆ గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. గీరిన టేకు మొదట్లో మచ్చలు మచ్చలుగా, పాలిపోయినట్టుగా కనిపిస్తుంది. వెలుతురు తగిలేకొద్దీ అదే బంగారు గోధుమ రంగుకు వస్తుంది. ఆ ఓపిక లేక రంగు స్టెయిన్ పూసి ముదురు చేయడం తర్వాత పశ్చాత్తాపపడే పనుల్లో ఒకటి.

తిరిగి మెరుగు

ఉన్న లక్క పాలిష్ పగుళ్ళు బారి మసకబారితే దాన్ని గీకక్కర్లేదు. వెడల్పాటి మెత్తటి బ్రష్షును స్పిరిట్‌లో ముంచి, నార వెంట ఒకే ఊపున లాగాలి. పాత లక్క కరిగి పగుళ్ళలోకి పారి, మళ్ళీ ఒకే పొరగా గట్టిపడుతుంది. బ్రష్షు వెనక్కి తిప్పకూడదు. గంట ఆగి చూస్తే వందేళ్ళ పాలిష్ కొత్తగా వేసినట్టు ఉంటుంది. తలుపు ముందు ఎక్కడ మొదలుపెట్టాలా అని వెనకాడేవాళ్ళకు ఈ ఒక్క పని ధైర్యం ఇస్తుంది.

కొత్తగా వేయాలంటే, లక్క రేకులు లీటరు స్పిరిట్‌కు 200 నుంచి 250 గ్రాములు గాజు సీసాలో వేసి రాత్రంతా ఉంచి, గుడ్డలో వడగట్టాలి. ఇనప డబ్బాలో కలిపితే రంగు చెడుతుంది. కలిపిన పాలిష్‌ను ఆరు నెలలు దాటాక వాడకూడదు, అది సరిగా ఆరదు. డబ్బాల్లో కలిపి అమ్మే పాలిష్ కన్నా రేకులు కొనుక్కోవడం మేలనడానికి కారణం ఇదే. ఈ లక్క పురుగు నుంచి వచ్చేది. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పోసే జిగురు అది. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924 నుంచి దాని మీద పరిశోధన సంస్థ ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు మెరుపు తెచ్చేదీ లక్కే. అక్కడ తిరిగే కర్రకు లక్క ముక్కను ఆనించి రాపిడి వేడికి కరిగిస్తారు, ఇక్కడ స్పిరిట్‌లో కరిగిస్తారు.

వేసే తీరు చేతి పని. దూదిని మెత్తటి పాత నూలు గుడ్డలో మూటగట్టి, గుప్పిట్లో ఇమిడే ముద్ద చేస్తారు. దాన్ని పాలిష్‌లో తడిపి, కాగితం మీద ఒత్తి ఎక్కువైంది పోగొట్టి, కర్ర మీద ఆగకుండా సున్నాలు చుడుతూ నడిపిస్తారు. ముద్ద ఒక్క క్షణం ఆగినా కింది పొర కరిగి మచ్చ పడుతుంది. పూతకూ పూతకూ మధ్య అరగంట, నాలుగైదు పూతలకు ఒక రాత్రి ఆరబెట్టడం. పల్చటి పూతలు ఎక్కువసార్లు వేయడంలోనే నాణ్యమంతా ఉంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. గాలిలోని తేమ పూతలో చిక్కి పాలిష్ తెల్లగా పొంగుతుంది. కోస్తాలో దసరా వానలు వెళ్ళాక శివరాత్రి లోపు మంచి కాలం. లక్క పాలిష్‌కు లోపాలూ ఉన్నాయి. వేడి గ్లాసు పెడితే, నీరు నిలిస్తే తెల్ల మరక పడుతుంది. అందుకే అది అలమరలకు, లోపలి తలుపులకు, సీలింగు పలకలకు, స్తంభాలకు తగిన పూత.

ఎండావానా తగిలే సింహద్వారానికి లక్క నిలవదు. అక్కడ బయటి వాడకానికని తయారైన పాలియూరిథేన్ వాడుకోవచ్చు. లోపలి వాడకం పూతను బయట వేస్తే ఎండకు పచ్చబడి పొరలు లేస్తుంది, మెలమైన్ కూడా అంతే. టేకులోని నూనె ఈ పూతల్ని పట్టనివ్వదు. పూతకు ముందు కర్రను థిన్నర్‌తో తుడిచి, ఆరగానే ఆలస్యం చేయకుండా వేయాలి. ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. పాలియూరిథేన్ లేచిపోయిన రోజున స్పిరిట్‌తో సరిదిద్దే వీలు లేదు, మొత్తం గీకాల్సిందే. ఇంటి లోపలి పాత కలపకు దాన్ని వేయడం అందుకే తెలివైన పని కాదు, మేస్త్రీలు ఎంత నచ్చజెప్పినా సరే.

నూనెల్లో అవిసె నూనె ఆరేది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. ఆముదం, కొబ్బరి నూనె ఆరవు, నువ్వుల నూనె సరిగా ఆరదు. వాటితో తలుపులు తుడిస్తే ఆ పూటకు మెరుస్తాయి, మర్నాటి నుంచి దుమ్ము పట్టి నెలలో నల్లటి జిడ్డవుతాయి. గడపకు మాత్రం పొర కట్టే పూత ఏదీ వద్దు. రోజూ నీళ్ళు, పసుపు, పాదాలు తగిలే చోట పల్చగా రుద్దిన అవిసె నూనె ఒక్కటే మన్నుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడి మూటలో చిక్కుకుని, నిప్పు ఏదీ లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. వాటిని తీగ మీద విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వేయాలి.

అన్నిటి పైనా మైనం. తేనె మైనం ఒక వంతు, టర్పెంటైన్ మూడు వంతులు. పొయ్యి మీది వేడినీళ్ళ గిన్నె దించి, ఆ నీళ్ళలో మైనం గిన్నె పెట్టి కరిగించాలి. మంట దగ్గర టర్పెంటైన్ కలపకూడదు. తేనె మైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మన వేసవి ఎండ పడే చోట మెత్తబడి దుమ్ము పడుతుంది. కొంచెం కార్నోబా మైనం కలిపితే గట్టిపడుతుంది. పల్చగా పూసి, పావుగంట ఆగి, చేయి నొప్పి పుట్టేదాకా పొడి గుడ్డతో రుద్దాలి. జిగట తగిలిందంటే పూసింది ఎక్కువైందని అర్థం.

తర్వాత చేసేది తక్కువ. వారానికోసారి పొడి నూలు గుడ్డ, ఏడాదికోసారి మైనం. సిలికాన్ ఉన్న మెరుపు స్ప్రేలు కర్రలోకి దిగి, తర్వాత ఎప్పుడు పాలిష్ వేసినా చేపకళ్ళలాంటి గుంటలు తేలుస్తాయి, అవి కొనకూడదు. పని పూర్తయిన రోజున తలుపు పైఅంచు మీద, ఎవరూ చూడని చోట, వాడిన పూత పేరు, సంవత్సరం పెన్సిల్‌తో రాసి పెట్టండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ తలుపు ముందు నిలబడే పనివాడు దూది, స్పిరిట్ సీసాతో వెతుక్కునే పని తప్పుతుంది.